ముందు పెన్సిలు, తర్వాత మైకు: ఎమర్జెన్సీ నెట్‌లో పనికొచ్చే హ్యామ్ వలంటీరు కావాలంటే

హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికి రాగానే కొత్తవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ రిగ్ (రేడియో సెట్టు) కొనాలని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: స్పీకర్లో గరగరల మధ్య ఎవరో చదువుతుంటే, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టగలరా? చాలామందికి ఈ ప్రశ్న రుచించదు. రేడియో అంటే మాట్లాడటం అనుకుని వస్తారు. ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి పనిచేసే స్టేషన్ల గుంపుని నెట్ అంటాం. విపత్తు వేళ దాన్ని నడిపే నెట్ కంట్రోల్ కుర్చీలో కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. మాట్లాడేవాళ్లకు కొదవ ఉండదు. విని, రాసుకుని, అక్షరం పొల్లు పోకుండా అవతలి చేతికి అందించేవాళ్లే దొరకరు. అందుకే ఇక్కడ రిగ్గుల గురించి తక్కువే చెబుతాను.

ముందు మన పాత్ర ఎంతవరకో తెలుసుకోవాలి. తుపానో భూకంపమో వచ్చినప్పుడు మొబైల్ నెట్‌వర్క్ ఒక్కసారిగా చచ్చిపోదు. కరెంటు పోయాక టవర్ బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. తర్వాత జనరేటర్‌కి డీజిల్ అందదు. ఎక్కడో ఫైబర్ తెగుతుంది. మిగిలిన టవర్ల మీద ఊరు ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తుంది. హ్యామ్ రేడియోకి ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఇద్దరు హ్యామ్‌ల మధ్య మూడోవాడి పరికరం ఉండాల్సిన పని లేదు. ఇటు ఒక రిగ్, బ్యాటరీ, తీగ, అటూ అంతే. ఆ ఖాళీ గంటల్లో, ఆ ఖాళీ రోజుల్లో ప్రభుత్వ, సహాయ సంస్థల సందేశాలు మోయడమే మన పని. నెట్‌వర్క్ తిరిగొచ్చాక మనం పక్కకి తప్పుకోవాలి. రక్షణ పని, వైద్యం, ఏ షెల్టర్‌కి ముందు లారీ పంపాలన్న నిర్ణయం, ఇవేవీ మనవి కావు.

సందేశం ఎలా రాయాలి, ఎలా పంపాలి

సందేశం మీరు రాయకండి, రాయించుకోండి. షెల్టర్ ఇన్‌చార్జి మీ దగ్గరికి వచ్చి "నీళ్లు అయిపోతున్నాయని చెప్పండి" అంటే, వెంటనే పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కొద్దు. కాగితం ఇచ్చి రాయమనండి. రాసే ఓపిక లేకపోతే మీరు రాసి, చదివి వినిపించి, ఆయన పేరు, హోదా, సంతకం తీసుకోండి. అవతల దాన్ని అందుకునే అధికారి అడిగే మొదటి మాట "ఎవరు చెప్పారు?" అనే. ఒక హ్యామ్ చెప్పాడంటే ఏ లారీ కదలదు, కదలకూడదు కూడా.

పైన ఉండాల్సిన వివరాలు ఇవి: సందేశం నంబరు, ప్రాధాన్యం, మొదట పంపిన స్టేషన్ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), విషయంలో ఎన్ని మాటలున్నాయో ఆ లెక్క, స్థలం, టైము, తేదీ. తర్వాత ఎవరికి, విషయం, ఎవరి నుంచి. టైము స్థానికమా యూటీసీయా (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయమా) అన్నది నెట్ మొదట్లోనే తేల్చుకుని, ప్రతి కాగితం మీదా రాయండి. ఈ ఒక్కటీ తేల్చుకోక గంటల తరబడి గొడవ పడ్డ నెట్లు విన్నాను.

ప్రాధాన్యాలు సాధారణంగా నాలుగు. ప్రాణం మీదికి వచ్చింది ఎమర్జెన్సీ. ఆలస్యమైతే నష్టం జరిగేది ప్రయారిటీ. క్షేమ సమాచారం వెల్ఫేర్. మిగతావన్నీ రొటీన్. ప్రతివాడికీ తన సందేశం ఎమర్జెన్సీలాగే కనిపిస్తుంది. "ఇది రెండు గంటలు ఆలస్యమైతే ఎవరికి ఏమవుతుంది?" అని మర్యాదగా అడగండి. జవాబులోనే ప్రాధాన్యం తేలిపోతుంది.

విషయం పొట్టిగా ఉండాలి. అమెరికాలో రేడియోగ్రామ్‌కి 25 మాటలు పరిమితిగా పాటించే అలవాటు పాతదే, ఇప్పటికీ మంచిదే. ఉదాహరణకి:

"తాగునీరు సాయంత్రానికి అయిపోతుంది. 180 మంది ఉన్నారు. ఇన్సులిన్ ఇద్దరికి కావాలి."

తొమ్మిది మాటలు. పంపేటప్పుడు ముందే "మాటలు తొమ్మిది" అని చెబుతారు. అందుకున్నవాడు రాసుకున్నది లెక్కపెడితే ఎనిమిది వచ్చిందనుకోండి, ఒక మాట జారిపోయిందని అప్పుడే తెలుస్తుంది. వట్టి లెక్కే అయినా దీనంత నమ్మకమైన తనిఖీ నేను ఇంకోటి చూడలేదు.

ఇక చదవడం. మీరు మాట్లాడే వేగంతో కాదు, అవతలివాడు రాసే వేగంతో చదవాలి. నేనైతే అవతల రాసుకునేది కూడా నేనే అయినట్టు, చదివే ప్రతి మాటనీ పెన్సిలుతో కాగితం మీద మళ్లీ రాస్తూ చదువుతాను. అప్పుడు వేగం దానంతటదే సరిపోతుంది. నాలుగైదు మాటలకు ఒకసారి పీటీటీ వదలండి. అవతలివాడికి ఏదైనా అందకపోతే అడ్డుపడటానికి అదే సందు.

తెలుగులో నెట్ నడిపేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటివి అంకెలు. గరగరలో ఏభై, ఎనభై ఒక్కలాగే వినిపిస్తాయి. ఇరవై, అరవై కూడా అంతే. ఆరు, నూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి సంఖ్యను మొత్తంగా ఒకసారి, విడి అంకెలుగా ఒకసారి చెప్పండి: "నూట ఎనభై, అంకెలు: ఒకటి, ఎనిమిది, సున్నా."

రెండోది ఇంకా ప్రమాదం. మన భాషలో కాదనడం, వద్దనడం చాలాసార్లు మాట చివర ఉంటుంది. "పంపండి", "పంపకండి" మధ్య తేడా ఒక్క అక్షరం. "బోటు పంపవద్దు"లో ఆ "వద్దు" పడేలోపే తొందరగా పీటీటీ వదిలేస్తే, అవతలివాడికి "బోటు పంప" వరకే చేరుతుంది. మిగతాది వాడే ఊహించుకుంటాడు. నివారణకి రెండు అలవాట్లు చాలు. పీటీటీ నొక్కాక ఒక సెకను ఆగి మాట మొదలుపెట్టాలి, మాట ముగిశాక ఒక సెకను ఆగి వదలాలి. వద్దు, లేదు, కాదు అన్న చోట "మళ్లీ చెబుతున్నా, వద్దు" అని విడిగా ఒకసారి చెప్పాలి.

మూడోవి పేర్లు, మందులు. ఒకే తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలుగా రాస్తారు. కాబట్టి రాసిచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే, ఆల్ఫా, బ్రావో, చార్లీ పద్ధతిలో ఒక్కో అక్షరం చెప్పండి. సొంత అక్షరమాల కనిపెట్టొద్దు. ఎ ఫర్ ఆపిల్ అంటే ఇంట్లో బాగుంటుంది. బ్యాండ్ మీద ఇంకో దేశం స్టేషన్ రిలే చేయాల్సి వస్తే ఆయనకి ఆల్ఫానే తెలుసు.

అందుకున్నవాడు మొత్తం తిరిగి చదివి వినిపించాలి. "రోజర్" అంటే అందింది అని మాత్రమే. సరిగ్గా అందిందని కాదు. ఎమర్జెన్సీ, ప్రయారిటీ సందేశాలకు రీడ్‌బ్యాక్ లేకుండా నేను నెట్‌ని ముందుకి కదలనివ్వను. ఒక మాట అందకపోతే మొత్తం మళ్లీ అడగక్కర్లేదు: "సాయంత్రానికి తర్వాత మాట చెప్పండి" అంటే చాలు. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. అక్షరదోషమున్నా, వాక్యం మెలికపడినా మీరు సరిదిద్దొద్దు. "ద్రవం" అని రాసి ఉంటే దాన్ని "నీళ్లు" చేయొద్దు. అనుమానం వస్తే రాసినవారిని అడగండి. దారిలో ముగ్గురు రిలే చేసి, ముగ్గురూ తలో మాట మెరుగుపరిస్తే చివరికి చేరేది వేరే సందేశం.

నెట్‌లో ప్రవర్తన

నెట్ కంట్రోల్ ఉన్నప్పుడు ఆయన చెప్పిందే మాట. చెక్ ఇన్ చేసేటప్పుడు కాల్‌సైన్, ఎక్కడున్నారు, ట్రాఫిక్ (పంపాల్సిన సందేశాలు) ఉందా లేదా, ఈ మూడే చెప్పండి. రిగ్ పేరు, యాంటెన్నా ఎత్తు, వాతావరణం మామూలు ఆదివారం నెట్‌లో చెప్పుకుందాం. వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లండి. చెప్పకుండా మాయమైన స్టేషన్‌ని పిలుస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో కంట్రోల్‌లో ఉన్నవాడికే తెలుసు. ఆపరేటర్ టీకి వెళ్లాడో, నీళ్లు లోపలికొచ్చాయో ఇక్కడ కూర్చుని ఎలా చెప్పగలం?

చోటుని బట్టి పిలుపు పేర్లు పెట్టుకోండి: షెల్టర్ మూడు, ఆస్పత్రి, కమాండ్ అని. షిఫ్టులో ఆపరేటర్ మారినా ఆ పేరు మారదు. కాల్‌సైన్ మాత్రం చట్టప్రకారం చెప్పాల్సినప్పుడు చెప్పాలి. అది ఎప్పుడెప్పుడన్నది మీ లైసెన్సు నిబంధనలో చూసుకోండి.

ఇద్దరి మధ్య పొడుగాటి ట్రాఫిక్ ఉంటే వాళ్లని పక్క ఫ్రీక్వెన్సీకి పంపి, పని అయ్యాక తిరిగి రమ్మనాలి. రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) మీద ఉన్నప్పుడు అప్పుడప్పుడు రివర్స్ నొక్కి, అంటే అవతలివాడు రిపీటర్‌కి పంపే ఫ్రీక్వెన్సీలోనే, వినండి. అవతలి స్టేషన్ నేరుగా వినిపిస్తుంటే సింప్లెక్స్‌కి (రిపీటర్ లేకుండా ఒకే ఫ్రీక్వెన్సీలో నేరుగా మాట్లాడటానికి) మారిపోయి రిపీటర్‌ని మిగతావాళ్లకు వదలండి. రిపీటర్ పడిపోతే ఏ సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీలో కలవాలో అందరి కాగితం మీదా ముందే ఉండాలి.

నెట్‌లో మీకు పని లేకపోతే? వినండి, అంతే. నెట్‌కి వినబడని బలహీనమైన స్టేషన్ మీకు వినబడొచ్చు, అప్పుడు రిలే చేయొచ్చు. అంతర్జాతీయంగా హ్యామ్ సంఘాల సమాఖ్య ఐఏఆర్‌యూ అత్యవసర సమాచారానికి కేంద్రాలుగా సూచించిన ఫ్రీక్వెన్సీలు 14.300, 18.160, 21.360 మెగాహెర్ట్జ్, భారత్ ఉన్న రీజియన్ 3లో వీటికి తోడు 3.600, 7.110. విపత్తు నడుస్తున్నప్పుడు అటూ ఇటూ కొన్ని కిలోహెర్ట్జ్ ఖాళీగా వదలడం కూడా సేవే. 1965లో మొదలైన హరికేన్ వాచ్ నెట్ ఇప్పటికీ 14.325లో నడుస్తుంది, తుపాను తీరానికి దగ్గరవుతుంటే వాళ్లకు కావాల్సింది కొత్త గొంతులు కాదు, తుపాను కింద ఉన్న స్టేషన్ గొంతు.

ఎవరూ లేని ఫ్రీక్వెన్సీలో మీకే ఆపద పిలుపు వినబడితే ముందు టైము, ఫ్రీక్వెన్సీ రాయండి. తర్వాత ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఏం కావాలి. ఫోన్ పనిచేసే చోట మీరుంటే సంబంధిత అత్యవసర సేవకి వెంటనే చెప్పండి, ఫ్రీక్వెన్సీ వదలకండి. ఇంకొకరు అప్పటికే మాట్లాడుతుంటే నోరు మెదపకుండా రాసుకుంటూ ఉండండి.

తీగ, బ్యాటరీ

చేతిలో పట్టుకునే హ్యాండీతో, 5 వాట్లతో, ఇళ్ల మధ్య నేల మీద నిలబడి మాట్లాడితే రెండు మూడు కిలోమీటర్లు వస్తే అదే ఎక్కువ. డాబా ఎక్కండి, ఇంకా ముఖ్యంగా రబ్బరు యాంటెన్నా తీసేసి మంచిది పెట్టండి. 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం యాంటెన్నా పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. వాట్లు పెంచడం కన్నా ఎత్తు పెంచడమే మేలు.

జిల్లాల దూరానికి హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) కావాలి. ఇక్కడ చాలామంది పొరబడేది యాంటెన్నా ఎంత ఎత్తుంటే అంత మంచిదని. ఖండాలు దాటాలంటే నిజమే. కానీ 50 నుంచి 300 కిలోమీటర్ల లోపు మాట్లాడాలంటే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొర నుంచి చుట్టుపక్కలంతా వానలా కిందికి పడాలి. దీన్ని ఎన్‌వీఐఎస్ అంటారు. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌ని (మధ్య నుంచి రెండు వైపులా చాచే తీగ యాంటెన్నాని) మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తులో కట్టినా చాలు, కొండలు అడ్డు రావు. పొడవు లెక్క సులువు: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి సుమారు 20 మీటర్లు, అంటే రెండు వైపులా పదేసి. పగలు 7, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ వైపు దిగాలి. దానికి దాదాపు 40 మీటర్ల తీగ. రెండూ ముందే కోసి, ట్యూన్ చేసి, చుట్టి పెట్టుకోండి. కట్టేటప్పుడు కరెంటు తీగల దరిదాపులకి పోవద్దు. గాలివానకి తెగిన కరెంటు తీగ చచ్చిందనుకోవద్దు, ఎక్కడో ఎవరిదో జనరేటర్ దాన్ని మళ్లీ బతికించి ఉండొచ్చు.

బ్యాటరీ లెక్క వేసుకోకుండా ఎవరూ బయల్దేరొద్దు. 100 వాట్ల రిగ్ వినేటప్పుడు సుమారు 1 ఆంపియర్ తింటుంది, పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 20 దాకా లాగుతుంది. ఎస్‌ఎస్‌బీలో (హెచ్ఎఫ్ మీద మాట పంపే పద్ధతి) మాటల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి సగటు అందులో సగం అనుకుందాం. గంటలో 12 నిమిషాలు పంపి మిగతా 48 నిమిషాలు వింటే, గంటకి 3 ఆంపియర్ అవర్ దాకా పోతుంది. 40 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు గంటలకు అటూ ఇటూ లాగుతుంది. అదే సైజు లెడ్ యాసిడ్ అయితే సగానికే ఆపాలి, లేదంటే బ్యాటరీ పాడవుతుంది, ఓల్టేజీ పడిపోయి రిగ్ కూడా మొరాయిస్తుంది. ఇంకో మార్గం పవర్ తగ్గించడం. 100 నుంచి 25 వాట్లకి దిగితే అవతల తగ్గేది 6 డెసిబెల్స్, సిగ్నల్ బలం చూపే మీటర్ మీద ఒక్క మెట్టు (ఎస్ యూనిట్). చాలాసార్లు ఆ తేడా ఎవరూ గమనించరు.

జనరేటర్ వాడితే గది బయటే, కిటికీలకు దూరంగా పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. చౌక ఇన్వర్టర్లు, సోలార్ కంట్రోలర్లు బ్యాండంతా హోరెత్తిస్తాయి; బ్యాటరీ మీద వింటూ ఒక్కోటి ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

డిజిటల్ గురించి క్లుప్తంగా: పొడుగు జాబితాలు, మందుల ఇండెంట్లు వాయిస్‌లో చదవడం వృథా. హెచ్ఎఫ్ మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ లాంటివి అందుకే ఉన్నాయి. నేర్చుకోండి. కానీ లాప్‌టాప్ తడిస్తే, చార్జింగ్ అయిపోతే ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలి.

క్షేమ సమాచారాలు

జనం కన్నీళ్లతో మన దగ్గరికి వచ్చేది దీనికే. ఇక్కడ ఒక నియమం కఠినంగా ఉంటుంది: ముందు లోపలి నుంచి బయటికి. షెల్టర్‌లో ఉన్న మనిషి "నేను బాగున్నాను" అని పంపితే ఒక్క సందేశంతో పని ముగుస్తుంది. బయట నుంచి "మా అన్నయ్య ఎలా ఉన్నాడు?" అని వస్తే, ఆయన్ని వెతకడానికి అసలే చాలని మనుషుల్లో ఒకరు కదలాలి, జవాబు మళ్లీ బయటికి రావాలి. ఎన్ని వందల ప్రశ్నలొచ్చినా మొదటి రోజుల్లో తీసుకోలేమని చెప్పక తప్పదు. 2017లో హరికేన్ మరియా తర్వాత అమెరికన్ రెడ్ క్రాస్ కోరితే ప్యూర్టో రికోకి వెళ్లిన హ్యామ్‌ల పనిలో పెద్ద భాగం, అక్కడివాళ్ల క్షేమ వివరాలు బయటికి పంపడమే.

2004 డిసెంబరులో భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక హ్యామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి ప్రపంచ హ్యామ్‌లతో కాంటాక్టులు చేయడానికి వెళ్లినవాళ్లు. 26న సునామీ వచ్చాక ఆ సరదా ఆపి, అదే పరికరాలతో ప్రధాన భూభాగానికి సమాచారం మోశారు. పరికరాలు అక్కడుండటం అదృష్టమే. కానీ వందలమంది ఒకేసారి పిలుస్తుంటే అందులోంచి ఒక్క కాల్‌సైన్‌ని ఏరి రాసుకునే చెవులు అక్కడుండటం ఇంకా పెద్ద అదృష్టమని నా అభిప్రాయం.

మన బ్యాండ్ల మీద అర్థాన్ని దాచే సంకేత భాష వాడకూడదు, కాబట్టి మీరన్నది స్కానర్ ఉన్న ఎవరైనా వింటారు. చనిపోయినవారి పేర్లు, రోగుల వివరాలు వాయిస్‌లో చదవొద్దు; తప్పనిసరైతే ఎలా పంపాలో బాధ్యత ఉన్న అధికారినే తేల్చమనండి. విలేకరి అడిగితే ఆ అధికారి వైపు చూపించండి. ఇంకొకటి, పిలవకుండా విపత్తు ప్రాంతానికి బయల్దేరొద్దు. తిండి, నీళ్లు, పడక మీరే తెచ్చుకోలేకపోతే మీరు ఆదుకోవాల్సిన జాబితాలో మరో పేరు అవుతారు. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోని ఆర్టికల్ 25, విపత్తు సేవకి హ్యామ్‌లను సిద్ధంగా ఉంచమని దేశాలను ప్రోత్సహిస్తుంది, కానీ మీ దేశపు అనుమతి మీకుండాలి. స్థానిక సంస్థతో పరిచయం ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే కావాలి.

సాధన, షిఫ్టు, ముగింపు పనులు

సాధనకి ఖర్చేమీ లేదు. మెయిన్స్ ఆపండి. ఒకరు మందుల పేర్లు, అంకెలు, ఒకట్రెండు "వద్దు"లు ఉన్న పది సందేశాలు చదవాలి, మిగతావాళ్లు వాల్యూమ్ తగ్గించి రాయాలి. తర్వాత అసలు కాగితంతో పోల్చండి. ఎవరి రిగ్ ఎంత ఖరీదైనదో ఆ పోలికలో కనిపించదు.

నిజమైన డ్యూటీలో ఆరు గంటలు దాటితే చెవి మొద్దుబారుతుంది, మీకు తెలియదు. రీడ్‌బ్యాక్‌లో తప్పులు పెరుగుతున్నాయంటే షిఫ్టు మార్చే టైమైందని అర్థం. కొత్త ఆపరేటర్ పావుగంట ముందు వచ్చి పక్కన కూర్చుని వినాలి. పంపినవి, పంపాల్సినవి, జవాబు రావాల్సినవి అని మూడు కట్టలుగా కాగితాలు అప్పగించండి. మూడో కట్టలోని ప్రతిదాని గురించీ నోటితో చెప్పండి.

నెట్ మూసేశాక పడుకోవాలనిపిస్తుంది. ముందు బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టండి. భూకంపమైతే మళ్లీ కంపించొచ్చు. లాగ్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకుని, అసలు కాగితాలన్నీ నంబరు వరసలో పేర్చి, మిమ్మల్ని పిలిచిన సంస్థకి ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.